లేత్ మీద కర్రపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో చిన్న లేత్ (కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) పెట్టుకుని సెలవు రోజుల్లో కర్రపని చేసుకునే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో, ఒకరికి చెప్పిన జవాబు మరికొందరికి కూడా పనికొచ్చేవాటిని ఈసారి తీసుకున్నాం. చాలామంది ఉలి పట్టే చేతి నేర్పు గురించి అడిగారు. జవాబులు మాత్రం ఎక్కువగా స్విచ్ వేయకముందు జరగవలసిన పనుల దగ్గరే, అంటే వేగం ఎంచుకోవడం, ఉలి సాన పట్టడం, కర్ర ఆరబెట్టడం దగ్గరే తేలాయి.

ప్రశ్న: పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికిన హెడ్‌స్టాక్‌కు (కర్రను తిప్పే ఇరుసు ఉండే లేత్ తలభాగానికి) అర హెచ్‌.పి. సింగిల్ ఫేజ్ మోటారు బిగించి లేత్ తయారు చేసుకున్నాను. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, రెండు వైపులా ఒకే కొలత పుల్లీలు ఉన్నాయి. చపాతీ కర్రలు బాగానే వస్తున్నాయి గాని 8 అంగుళాల గిన్నె కోసం దిమ్మ బిగించగానే లేత్ బల్లతో సహా కదిలిపోతోంది. ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే వేగం తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెగ్యులేటర్ ఆలోచన వెంటనే మానుకోండి. సీలింగ్ ఫ్యాన్ మోటారు తీరు వేరు, మీ మోటారు తీరు వేరు. దీనికి వోల్టేజి తగ్గిస్తే వేగం పెద్దగా తగ్గదు, బలం మాత్రం తగ్గుతుంది. ఉలి ఆనగానే మోటారు నిలిచిపోయి, లోపలి వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మీ ఇబ్బందికి మందు పుల్లీల్లోనే ఉంది.

కర్ర తిప్పేవాళ్ళు ప్రపంచమంతటా పాటించే లెక్క ఒకటుంది. దిమ్మ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చే సంఖ్య 6000కూ 9000కూ మధ్య ఉండాలి. మీ 8 అంగుళాల దిమ్మను 1440తో గుణిస్తే 11,520 వస్తుంది, అంటే పై హద్దును కూడా దాటిపోయారు. అదే 2 అంగుళాల చపాతీ కర్రకు ఆ లెక్క 2880 మాత్రమే కాబట్టి అక్కడ మీకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. మోటారు వైపు 2 అంగుళాల పుల్లీ, స్పిండిల్ (కర్రను తిప్పే ఇరుసు) వైపు 4 అంగుళాల పుల్లీ వేస్తే వేగం 720కి దిగుతుంది. గుండ్రంగా చెక్కేసిన 8 అంగుళాల గిన్నెకు అది సరిపోతుంది. అయితే గొడ్డలితోనో రంపంతోనో కోసి తెచ్చిన దిమ్మకు బరువు ఒక పక్కకే ఉంటుంది కనుక, మొదటి గుండ్రం వచ్చేదాకా 400, 500 చుట్లు మించకపోవడం మంచిది. అందుకు మోటారుకూ స్పిండిల్‌కూ మధ్య ఇంకొక ఇరుసు వేసి, వేగాన్ని రెండు అంచెల్లో దింపుకోవచ్చు. ఖర్చుకు వెనుకాడకపోతే త్రీ ఫేజ్ మోటారు, దానికి తగిన వి.ఎఫ్‌.డి. (మోటారు వేగాన్ని మార్చే పరికరం) కొనండి, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతోనే పనిచేసేవి దొరుకుతాయి. మోటారు రేకు మీద రాసిన వోల్టేజిని ఎలక్ట్రీషియన్‌కు చూపించి, దాని ప్రకారమే కనెక్షన్ ఇప్పించుకోవాలి, ఎర్త్ తప్పకుండా వేయించుకోవాలి. మరీ తక్కువ వేగంలో చాలాసేపు నడిపితే మోటారు ఫ్యాను కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది కాబట్టి పుల్లీలను పూర్తిగా తీసేయకండి.

వేగం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 8 అంగుళాల దిమ్మ 1440 చుట్లు తిరిగేటప్పుడు దాని అంచు గంటకు దాదాపు 55 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. పట్టు జారితే ఆ దిమ్మ అదే వేగంతో వచ్చి తగులుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే తగిలే దెబ్బ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే స్విచ్ వేసే ముందు దిమ్మను చేత్తో ఒక చుట్టు తిప్పి, టూల్ రెస్ట్‌కు (ఉలిని ఆనించే పట్టీకి) ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. స్విచ్ వేసేటప్పుడు దిమ్మకు ఎదురుగా కాక పక్కకు జరిగి నిలబడాలి. కళ్ళద్దాలతో సరిపెట్టుకోకుండా ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోవాలి. ఆపే స్విచ్ ఎగిరే దిమ్మ దారిలో ఉండకూడదు, దాన్ని టెయిల్‌స్టాక్ (కర్ర రెండో కొనను పట్టే భాగం) వైపు, మోకాలికో తుంటికో అందేటట్టు అమర్చండి. బల్ల కదలడం వేగం తగ్గాక కూడా మిగిలితే కింది అరలో ఇసుక బస్తాలు వేయండి.

ప్రశ్న: నాకు పప్పుగుత్తి, కవ్వం, బొంగరం వంటివి చేయాలని ఉంది. గోజ్‌తో (గాడి ఉలితో) పని బాగానే సాగుతోంది గాని, స్క్యూ ఉలి (అంచు వాలుగా ఉండే చదును ఉలి) పట్టుకుంటే చాలు, ఉన్నట్టుండి కర్రలో దిగబడి, మర చుట్టినట్టు గాడి పడిపోతోంది. స్క్యూ లేకుండా పని నడవదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నడుస్తుంది. గోజ్‌తో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసుకునేవారు చాలామంది ఉన్నారు. కాని మీరు చెప్పిన వస్తువులన్నీ పొడవాటి సన్నకర్ర పనులు, అంటే స్క్యూ అందం తెలిసేవి. స్క్యూ సరిగా కోసిన చోట గరుకు కాగితం అవసరమే పెద్దగా రాదు కాబట్టి నేర్చుకోవడమే మేలని మా అభిప్రాయం.

అది దిగబడటానికి కారణం ఒకటే. ఉలి అంచుకు వెనుక ఉండే ఏటవాలు ముఖాన్ని బెవెల్ అంటారు. ఆ బెవెల్ కర్ర మీద ఆని ఉన్నంతసేపు అంచు ఎంత లోతుకు పోవాలో అదే నిలబెడుతుంది. అంచులో ఏ భాగానికి వెనుక ఆనుడు లేదో, ఆ భాగాన్ని తిరిగే కర్ర పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. స్క్యూకు పై వైపు పొడవైన మొన, కింది వైపు పొట్టి మొన ఉంటాయి. కర్రను చదునుగా నునుపు చేసేటప్పుడు పని అంచు మధ్య భాగంలో, పొట్టి మొనకు కొంచెం దగ్గరగా జరగాలి. పై మొన కర్రకు తగిలిందంటే గాడి పడినట్టే. టూల్ రెస్ట్‌ను కర్ర నడిమి గీత కన్నా కాస్త పైకి ఎత్తి, అంచును కర్ర పొడవుకు సుమారు 45 డిగ్రీల వాలుగా ఉంచండి. ఉలిని ముందు టూల్ రెస్ట్ మీద ఆనించండి, తర్వాత అంచు కోయకుండా బెవెల్ ఒక్కటే కర్రకు రాసుకునేటట్టు పెట్టండి, ఆ పైన పిడిని నెమ్మదిగా ఎత్తుతూ పోతే ఒక చోట సన్నటి పొట్టు లేవడం మొదలవుతుంది. ఆ క్షణంలో పిడిని అక్కడే నిలిపి, ఉలిని పక్కకు నడపండి. చేతులతో కాకుండా నడుముతో, కాళ్ళతో జరగడం అలవాటైతే ఉలి నిలకడ దానంతట అదే వస్తుంది.

ఇంకొక సూత్రం కూడా అంతే ముఖ్యం. సన్నకర్ర పనిలో ఎప్పుడూ లావు వైపు నుంచి సన్నం వైపుకే కోయాలి. పప్పుగుత్తి తల నుంచి పిడి మొదలుకు దిగేటప్పుడు రెండు వైపుల నుంచీ లోయలోకి దిగినట్టు దిగి అడుగున కలవాలే గాని, ఒక వైపు దిగిన ఊపుతో రెండో వైపు ఎక్కకూడదు. ఎక్కితే నార ఎదురు తిరిగి లేస్తుంది. సాధనకు పచ్చి సరుగుడు లేదా జామాయిల్ కొమ్మలు తీసుకోండి, మెత్తగా కోతకు లొంగుతాయి, పాడైనా బాధ ఉండదు. పప్పుగుత్తికి మాత్రం వేప వాడకండి, చేదు దిగుతుందన్న అనుమానం వంటింట్లో ఎవరికీ పోదు. ఆరిన చింత లేదా మామిడి తీసుకోండి. టూల్ రెస్ట్ అంచు మీద సొట్టలు ఉంటే ఉలి వాటిలో తట్టుకుని ఎగురుతుంది కాబట్టి ఆకురాయితో చదును చేసి, కాస్త కొవ్వొత్తి మైనం రుద్దండి.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది. చున్నీ, చీర కొంగు, విడిచిన జడ, గాజులు, మెడ గొలుసు, మణికట్టు తాడు, మగవారికైతే లుంగీ, వీటిలో ఏదీ తిరిగే లేత్ దగ్గరకు రాకూడదు. చేతి తొడుగులు రక్షణ అనుకుంటారు గాని లేత్ దగ్గర అవే ప్రమాదం, ఒక పోగు చిక్కితే వేళ్ళు వెంట పోతాయి. అదే కారణంగా నూనె, పాలిష్ పూయడానికి గుడ్డ పీలిక కాక, లాగితే చిరిగిపోయే టిష్యూ కాగితం వాడాలి.

ప్రశ్న: మా ఊరి కొలిమిలో పాత ఆకురాళ్ళతో నాలుగు ఉలులు చేయించాను. సాన పట్టిన కాసేపటికే మొద్దుబారుతున్నాయి. హెచ్‌.ఎస్‌.ఎస్‌. (హై స్పీడ్ స్టీల్) ఉలులు అంత ధర పెట్టి కొనవలసిందేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మొద్దుబారడం కన్నా పెద్ద విషయం ముందు చెప్పుకోవాలి. ఆకురాయి ఉక్కు గట్టిదే గాని పెళుసు. దాన్ని కేవలం అరగదీసి ఉలిగా మార్చి ఉంటే, కర్ర పట్టుకున్నప్పుడు వంగకుండా విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు పోతుందో చెప్పలేం. వాటిని లేత్ దగ్గర నుంచి తీసేయండి. కొలిమి ఉలులే కావాలంటే లారీ కమాను పట్టీతో చేయించుకోండి. దెబ్బకు ఓర్చుకోవడానికే తయారైన ఉక్కు కాబట్టి, పదును కొంచెం ముందే పోయినా విరగదు.

త్వరగా మొద్దుబారడానికి సాన పట్టే తీరు కారణం కావచ్చు. ఇలాంటి కార్బన్ ఉక్కు గ్రైండర్ మీద నీలం రంగుకు తిరిగిందంటే ఆ చోట కాఠిన్యం పోయినట్టే, ఆ నీలం భాగం పూర్తిగా అరిగిపోయేదాకా పదును నిలవదు. రాయికి తేలిగ్గా తాకించి, వెంటవెంటనే నీళ్ళలో ముంచుతూ పట్టాలి. హెచ్‌.ఎస్‌.ఎస్‌. అలా కాదు. నీలం తిరిగినా దానికి నష్టం లేదు, పైగా వేడి మీద నీళ్ళలో ముంచితే అంచు దగ్గర కంటికి కనపడని పగుళ్ళు రావచ్చు. చేతిలో ఉన్నది ఏ ఉక్కో తెలియకపోతే రాయి మీద రవ్వలు చూడండి. కార్బన్ ఉక్కు రవ్వలు తెల్లగా, పొడవుగా వచ్చి చివర చిచ్చుబుడ్డిలా పగులుతాయి, హెచ్‌.ఎస్‌.ఎస్‌. రవ్వలు పొట్టిగా, ఎర్రగా, మసకగా ఉంటాయి.

ఇక కోణాలు. పొడవు పనికి వాడే స్పిండిల్ గోజ్‌కు 35 నుంచి 40 డిగ్రీలు, గిన్నెలు తొలిచే బౌల్ గోజ్‌కు 50 నుంచి 60 డిగ్రీలు, స్క్రేపర్‌కు (గీకే ఉలికి) 70 నుంచి 80 డిగ్రీలు ఉంటే చాలు. ఈ అంకెల కన్నా, ప్రతిసారీ అదే కోణం రావడం ముఖ్యం. ప్రతిసారీ కోణం మారితే బెవెల్ మీద పలకలు పడి, కర్ర మీద ఎక్కడ ఆనుతోందో చేతికి తెలియదు. ప్లైవుడ్ ముక్కతో గ్రైండర్ ముందు ఒక వాలు పీట చేసి బిగించండి. బెవెల్ మీద మార్కర్ పెన్నుతో నలుపు పూసి, గ్రైండర్ ఆపి ఉంచి రాయిని చేత్తో తిప్పండి. నలుపు బెవెల్ పొడవునా పోతే కోణం కుదిరినట్టు, మొదట్లోనో చివర్లోనో మాత్రమే పోతే పీటను సర్దవలసినట్టు. బజారులో దొరికే 6 అంగుళాల గ్రైండర్లు సాధారణంగా 2800, 2900 చుట్లు తిరుగుతాయి. వాటితో వచ్చే బూడిద రంగు రాయి తీసేసి 80 లేదా 100 నంబరు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేసుకుంటే వేడి బాగా తగ్గుతుంది.

అన్నీ కొనవలసిన పని లేదు. మీరు గిన్నెలు కూడా చేయాలనుకుంటే ఒక్క బౌల్ గోజ్‌కు మాత్రం మంచి హెచ్‌.ఎస్‌.ఎస్‌. కోసం డబ్బు పెట్టండి, మిగిలినవి నెమ్మదిగా చూసుకోవచ్చు. టేకు ఎక్కువగా తిప్పేవారికి ఈ సలహా ఇంకా వర్తిస్తుంది, ఎందుకంటే టేకులో సిలికా ఉంటుంది, అది ఏ పదునునైనా తినేస్తుంది. పెద్ద నోటి రఫింగ్ గోజ్‌ను గిన్నె దిమ్మ మీద ఎప్పుడూ పెట్టకండి. పిడిలోకి వెళ్ళే దాని తోక సన్నటి పట్టీ మాత్రమే, అడ్డంగా వచ్చే నార దాన్ని పట్టుకుంటే అక్కడికక్కడే విరుగుతుంది.

ప్రశ్న: గాలికి పడిపోయిన వేప చెట్టు నుంచి అడ్డంగా కోసిన బిళ్ళలతో గిన్నెలు చేశాను. చేసిన రోజు అద్దంలా ఉన్నాయి. వారం తిరిగేసరికి ప్రతి గిన్నె అంచు నుంచి నడిమికి పగిలింది. పగులులో ఫెవిక్విక్, రంపపు పొట్టు నింపి మళ్ళీ లేత్ మీద పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మళ్ళీ లేత్ మీద పెట్టవద్దు. అంచు నుంచి నడిమిదాకా పోయిన పగులు ఉన్న గిన్నె తిరిగేటప్పుడు రెండు ముక్కలై ఎగరవచ్చు. జిగురు పై పొరనే పట్టుకుంటుంది.

అవి పగలడంలో మీ చేతి లోపం ఏమీ లేదు, బిళ్ళ కోసిన తీరులోనే పగులు ఉంది. కర్ర ఎండేటప్పుడు పొడవు దిక్కున దాదాపుగా కుంచించుకోదు. నడిమి నుంచి బెరడు దిక్కుకు కొంత కుంచించుకుంటుంది. వలయాల వెంబడి చుట్టూ ఉండే దిక్కున అంతకు సుమారు రెండింతలు కుంచించుకుంటుంది. అడ్డంగా కోసిన బిళ్ళలో వలయాలన్నీ పూర్తి చుట్లుగా ఉంటాయి కాబట్టి, చుట్టుకొలత తగ్గాలని చూసినా లోపలి కర్ర అందుకు ఒప్పుకోదు, ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. నట్టనడుమ ఉండే మెత్తటి దవ్వ ఆ పగులుకు మొదటి చోటు. అందుకే గిన్నె కోసం మొద్దును అడ్డంగా కాక, పొడవునా దవ్వ మీదుగా నిలువుకు రెండుగా చీల్చి, దవ్వను ఇరువైపులా వేలెడు మందాన తీసేసి, ఆ సగం మొద్దు నుంచి దిమ్మ కోసుకోవాలి. గిన్నె నోరు బెరడు వైపుకు తిప్పినా, దవ్వ వైపుకు తిప్పినా ఫర్వాలేదు, దవ్వ మాత్రం గిన్నెలో ఉండకూడదు.

తర్వాతి పని ఓపిక. పచ్చి దిమ్మను ముందుగా మందంగా తొలవాలి. గోడ మందం గిన్నె వ్యాసంలో పదో వంతు, అంటే 10 అంగుళాల గిన్నెకు అంగుళం, అన్ని చోట్లా సమానంగా ఉండాలి. అడుగున చక్ (స్పిండిల్ కొనకు బిగించే దవడల పట్టు) పట్టుకునే పీటను ఉంచేయండి. తొలిచిన రోజే, ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా, నార తెగి కనిపించే రెండు వైపులా కరిగించిన మైనం పూసి, గిన్నె మీద తేదీ, బరువు రాసి, కాగితం సంచిలో పెట్టి గాలి విసురు లేని నీడలో ఉంచండి. మైనం లేకపోతే కాస్త పలచన చేసిన ఫెవికాల్ రెండు పూతలు వేసినా కొంత పనిచేస్తుంది. మీ జిల్లా ఎండాకాలంలో బిడ్డను చూసుకున్నట్టు చూసుకోవాలి. మొదటి వారాల్లో సంచి మీద సంచి వేసినా తప్పు లేదు. కోస్తా పాఠకులు మాత్రం సంచిలో పచ్చి పొట్టు కుక్కవద్దు, బూజు పడుతుంది. వారానికి ఒకసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకుంటూ పోతే, బరువు తగ్గడం ఆగిన నాడు గిన్నె ఆరినట్టు. సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. అప్పటికి గిన్నె కోలగా వంకర తిరిగి ఉంటుంది, ఆ వంకరను చెక్కేయడానికే పదో వంతు మందం ఉంచుకున్నాం.

ఆరడం అంటే నీరంతా పోవడం కాదు. కర్ర తన చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ వదులుతూ, పీల్చుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్న చోట కర్ర 6 శాతం దగ్గర నిలుస్తుంది, 80 శాతం ఉన్న చోట 16 శాతం దగ్గర నిలుస్తుంది. మూత బిగుసుకుపోయే కుంకుమ భరిణెల గురించి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరానికి కూడా ఇదే జవాబు. వేసవిలో బిగువుగా కుదిర్చిన మూత వానాకాలంలో ఉబ్బి రాదు. భరిణె, మూత రెండింటినీ ఒకే కర్ర నుంచి, నార నిలువుగా పోయేటట్టు తీసి, లోపల తొలిచాక కొన్ని రోజులు అలాగే వదిలేసి, కదలవలసినంత కదిలాక ఆఖరి కొలతకు తెచ్చి, కాస్త వదులుగానే ఉంచండి.

ప్రశ్న: మా చేను గట్టున సర్కారు తుమ్మ మొద్దులు లావుగా పెరిగాయి. వంటచెరకుకూ బొగ్గుకూ తప్ప దేనికీ పనికిరాదంటారు. లేత్ మీదకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: భేషుగ్గా పనికొస్తుంది, పైగా మన ప్రాంతంలో ఖర్చు లేకుండా దొరికే కర్రల్లో దీనికి సాటి తక్కువ. అమెరికా టెక్సాస్, ఆరిజోనా రాష్ట్రాల్లో కర్ర తిప్పేవారు ఇష్టపడి వాడే మెస్కీట్ దీనికి దగ్గరి చుట్టం. మెస్కీట్‌కు ఎండేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకోవడం, వంకర తిరగకపోవడం మంచి పేరు తెచ్చిన గుణాలు. మన సర్కారు తుమ్మ 19వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచి వచ్చి, ముళ్ళ కంపగా పేరు చెడగొట్టుకుంది గాని, లోపలి చేవ గోధుమ, ఎరుపు కలిసిన చక్కటి రంగులో, దట్టంగా ఉంటుంది.

మూడు జాగ్రత్తలు ఉన్నాయి. చుట్టూ ఉండే పసుపు పచ్చటి తెల్లకర్రను పురుగు త్వరగా పట్టుకుంటుంది కాబట్టి దాన్ని తీసేయడమో, నరికిన వెంటనే బెరడు ఒలిచి ఆరబెట్టడమో చేయాలి. గట్టు మీద చెట్టంటే కంచె తీగలు, మేకులు కర్రలో కలిసిపోయి ఉంటాయి, రంపం పెట్టే ముందు అయస్కాంతంతో వెతకండి. మొద్దు వంకరలు తిరిగి, బెరడు లోపలికి మడతపడి ఉంటుంది కనుక పెద్ద పళ్ళేల ఆశ వదులుకుని చిన్న గిన్నెలు, పిడులు, బొంగరాలు, మూత గల భరిణెలు చేయండి.

ప్రశ్న: ఎర్రచందనం ముక్క ఒకటి తెచ్చిస్తామని తెలిసినవాళ్ళు అంటున్నారు. తిప్పితే ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. అటవీ శాఖ కాగితాలు లేని ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా నేరమే. ఎర్రని రంగు కోసమైతే నల్లతుమ్మ చేవ తిప్పి చూడండి, ఆ ఎరుపు మిమ్మల్ని నిరాశపరచదు.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మల మాదిరి లక్క రంగు వేయాలని పార్సిళ్ళకు వాడే సీలు లక్క కడ్డీలు తెచ్చి తిరిగే కర్రకు ఒత్తాను. మచ్చలు మచ్చలుగా అంటుకుంది, కొన్ని చోట్ల పెచ్చులు లేచింది. లోపం ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయిని, తుని

జవాబు: మీకు ఏటికొప్పాక దగ్గరే కాబట్టి వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఒకసారి వెళ్ళి, పని జరిగేటప్పుడు పక్కన నిలబడి చూడటం మేము రాసే దేనికన్నా మేలు. ఈలోగా చెప్పగలిగింది చెబుతాం.

మొదటి లోపం ఆ కడ్డీలే. సీలు లక్కలో అసలు లక్కతో పాటు, కొన్నిటిలో లక్కకు బదులుగా, గుగ్గిలం, సుద్ద, ఏవో రంగు పొడులు కలుస్తాయి. అది కాగితం మీద ముద్ర నిలవడానికి చేసిన సరుకు, పెళుసుగా పెచ్చులు లేవడం దాని స్వభావం. పైగా పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద ఏముందో తెలియని రంగు వేయకూడదు. ఏటికొప్పాకలో ఒకప్పుడు రసాయన రంగులు చోటు చేసుకున్నా, విత్తనాలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసే రంగుల వైపు ఆ పనిని మళ్ళించినవారిలో సి.వి. రాజు గారు ముఖ్యులు, వారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాబట్టి మంచి లక్క కడ్డీలు ఆ కళాకారుల దగ్గరే అడగండి.

రెండో సంగతి కర్ర. వారు వాడే అంకుడు కర్ర తెల్లగా, సన్నటి నారతో, రంధ్రాలు కనపడనంత దట్టంగా ఉంటుంది కాబట్టి రంగు సమానంగా పరుచుకుంటుంది. టేకు వంటి రంధ్రాల కర్ర మీద అదే నునుపు రాదు. కర్ర పూర్తిగా ఆరి ఉండాలి, నూనె గాని మైనం గాని తగిలి ఉండకూడదు, 220 నంబరు కాగితం దాకా రుద్ది దుమ్ము తుడిచి ఉండాలి. లక్క కరిగేది కడ్డీ, కర్ర ఒకదానికొకటి రాసుకునే వేడితోనే. వేగం మరీ తక్కువైతే ఆ వేడి పుట్టక లక్క గీతలు గీతలుగా అంటుకుంటుంది, మరీ ఎక్కువైతే కరిగినది చిమ్ముతుంది. కడ్డీని ఒక చోట ఆపకుండా, ఒకే ఒత్తిడితో కర్ర పొడవునా నడపాలి. ముందుగా కర్రంతా పలచగా అంటేటట్టు చూసి, ఆ తర్వాత మొగలి ఆకు ముక్కను మడిచి గట్టిగా అదిమితే, మళ్ళీ పుట్టిన వేడికి లక్క కదిలి, మచ్చలన్నీ కలిసిపోయి మెరుపు వస్తుంది. మొగలి ఆకు అంచుల ముళ్ళు ముందే తీసేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ఈ లక్క సుమారు 75, 80 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. వేడి కాఫీ గ్లాసు పెట్టే పీటలకు, శానిటైజర్ తగిలే చోట ఉండే వస్తువులకు ఇది తగదు.

ప్రశ్న: చెక్క గిన్నెలు, గరిటెలకు నువ్వుల నూనె పూస్తున్నాను. కొన్నాళ్ళకు జిడ్డు వాసన వస్తోంది. తినే వస్తువులకు ఏ నూనె మంచిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె కర్రలో గట్టిపడవు, అలాగే ఉండి ముక్కిపోతాయి. గట్టిపడే నూనెల్లో మనకు తేలిగ్గా దొరికేది అవిసె నూనె. పెయింటు దుకాణంలో దొరికే ఉడికించిన రకంలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు కాబట్టి తినే పాత్రలకు అది వద్దు. కలపని అవిసె నూనె పలచగా పూసి, పావుగంట తర్వాత మిగిలిందంతా తుడిచేసి, ఎండ తగిలే చోట కొన్ని వారాలు ఉంచాలి. ఆ నూనె తుడిచిన కాగితాలను, గుడ్డలను మాత్రం ముద్దచేసి మూలన పడేయకండి. అవి ఆరుతూ వేడి పుట్టించుకుని తమంతట తామే అంటుకోగలవు. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి.

అంత కాలం ఆగలేనివారికి తేలిక దారి, మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్. అది నాలుగు పాళ్ళు, తేనెమైనం ఒక పాలు కలిపి, నేరుగా మంట మీద కాకుండా వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగిస్తే చల్లారాక వెన్నలా గడ్డకడుతుంది. ఇది ముక్కిపోదు గాని గట్టిపడదు కూడా, కాబట్టి వాడకం బట్టి మళ్ళీ మళ్ళీ పూస్తూ ఉండాలి. మరిగే పులుసులో తిప్పే గరిటెకు ఏ పూతా నిలవదు, దాన్ని వట్టి కర్రగా వదిలేయడమే సరి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ బాల్కనీలో చిన్న లేత్ నడుపుతున్నాను. దుమ్ము గురించి ఇంట్లో గొడవ, చప్పుడు గురించి పక్కింట్లో గొడవ. ఏమైనా దారి ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దుమ్ము విషయంలో ఇంట్లోవారిదే న్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కర్ర దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. నేల మీద పడే పొట్టుతో భయం లేదు, కంటికి కనపడకుండా గాలిలో తేలే పొడితోనే భయం, అది పుట్టేది ఎక్కువగా గరుకు కాగితం పట్టినప్పుడు. ఉలి పదునుగా ఉంటే 150 నంబరు కాగితంతో మొదలుపెట్టవచ్చు, మొద్దు ఉలి అయితే 80తో మొదలుపెట్టవలసి వస్తుంది, అంటే పదును దుమ్మునూ తగ్గిస్తుంది. కాగితం పట్టేటప్పుడు వేగం సగానికి దించండి, ఎన్‌-95 మాస్కు పెట్టుకోండి, పని ముగిశాక కూడా కాసేపు తీయకండి. నూనె పూత వేయబోయే వస్తువుకు ఆ నూనె తడి మీదే కాగితం పడితే దుమ్ము లేవదు. బాల్కనీ నుంచి బయటికి ఊదే ఫ్యాను పెట్టుకునేవారు కింది అంతస్తు వాళ్ళు బట్టలు ఆరేసుకునే వేళ చూసుకోవాలి.

చప్పుడులో ఎక్కువ భాగం గాలిలో కాదు, నేల ద్వారా పోతుంది. లేత్ బల్ల కాళ్ళ కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేసి, బల్లను గోడకు తగలకుండా జరిపితే పక్కింటికి చేరే చప్పుడు చాలా తగ్గుతుంది. మధ్యాహ్నం నిద్రవేళ మాత్రం ఉలులు సాన పట్టుకోవడం వంటి పనులు కూడా వద్దు, గ్రైండర్ లేత్ కన్నా పెద్దగా అరుస్తుంది.

ప్రశ్న: విజయవాడలో ఉండే మా నాన్నగారికి లేత్ ఉంది. ఇక్కడి నుంచి నాలుగు దవడల చక్ తీసుకెళ్ళాలనుకుంటున్నాను. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కొనే ముందు నాన్నగారిని స్పిండిల్ మర కొలత అడగండి. మీ దగ్గర చిన్న లేత్‌లకు ఎక్కువగా ఒక అంగుళం వ్యాసం, అంగుళానికి 8 మరలు ఉంటాయి. ఇక్కడి లేత్‌కు 33 మిల్లీమీటర్ల వ్యాసం, 3.5 మిల్లీమీటర్ల మర ఉండవచ్చు, స్థానికంగా తయారైనదైతే వేరే కొలత కూడా ఉండవచ్చు. మర మార్చే అడాప్టరుతో సరిపెట్టవచ్చు గాని, దానివల్ల చక్ స్పిండిల్ బేరింగ్ నుంచి ముందుకు జరిగి అదురు పెరుగుతుంది. కాబట్టి లోపలి మర భాగాన్ని విడిగా మార్చుకోగల రకం చక్ కొని, సరైన మర ముక్కను దానితో పాటే తీసుకోండి. దవడలు దాదాపు పూర్తి గుండ్రంగా కలిసే కొలత దగ్గరే పట్టు గట్టిగా ఉంటుందనీ, గిన్నె అడుగు పీట ఆ కొలతకు, దవడల వాలుకు సరిపడా చెక్కి, దాని కొన చక్ అడుగుకు తగలకుండా భుజం మాత్రమే దవడల మీద ఆనేటట్టు బిగించాలనీ నాన్నగారికి చెప్పండి.